లోచో

మా ఊరు ఇచ్ఛాపురం. నేనుండేది ఇచ్ఛాపూర్. మొదట్లో ఊళ్ళో పెద్దవాళ్ళకు ఫోన్‌లో ఈ పేరు చెబితే, "ఎప్పుడొచ్చావురా, ఇంటికి రాకుండా ఎక్కడ దిగావు?" అని కోప్పడేవారు. అది శ్రీకాకుళం జిల్లాలో, ఆంధ్రదేశానికి ఉత్తరపు కొస. ఇది గుజరాత్‌లో, సూరత్ నుంచి హజీరా రేవుకి పోయే దారిలో. అక్కడ బాహుదా నది, ఇక్కడ తాపీ. అక్కడ జీడితోటలు, కొబ్బరితోటలు. ఇక్కడ ఒక పక్క వజ్రాల పార్కు, మరో పక్క ఎరువులు, గ్యాసు, కరెంటు, ఉక్కు తయారుచేసే కర్మాగారాల వరస. ఆ వరసలో ఒకదాంట్లో నా ఉద్యోగం. ఉక్కు చుట్టలు, కంటైనర్లు మోసుకుని లారీలు రాత్రీపగలూ మా చార్ రస్తా మీదుగానే పోతాయి. ఆ రోడ్డు దాటేటప్పుడు మా ఆవిడ ఇప్పటికీ ఏదో శ్లోకం గొణుగుతుంది.

అమ్మ పోయాక నాన్న పోయిన సంక్రాంతికి మా దగ్గరికి వచ్చేశారు. బరంపురంలో అహ్మదాబాద్ బండెక్కి, రోజున్నర ప్రయాణం చేసి, రెండు కిలోల పలాస జీడిపప్పుతో, మోకాళ్ళకి రాసుకునే వేపనూనె సీసాతో దిగారు. 36 ఏళ్ళు బడిపంతులు. మాట్లాడకుండా ఉండటం ఆయన ఎరగరు. దిగిన రోజే ఇక్కడి ఉత్తరాయణ్ పతంగుల పండగ. డాబా మీద నిలబడి, "ఏటిరా ఇది, గాజుపొడి దారంతో పిట్టల పీకలు కోసి పండగ చేసుకుంటారా?" అని గుజరాత్ మొత్తాన్నీ నిలదీశారు.

ఆ తర్వాత రోజూ ఏదో ఒకటి. ఎదురింటివాళ్ళు పంపిన పప్పులో బెల్లమేటి? ఇంత దగ్గర సముద్రం ఉండి సముద్రపు వాసన రాదేటి? గదిలో మనిషి లేకుండా లైటెందుకు? తెలుగు పేపరు రాని ఊళ్ళో మనుషులెలాగ బతుకుతారు? ఇవి కాకపోతే పాత కథలు. స్కూలు ఇన్‌స్పెక్టరు ముందు ఒక కుర్రాడు కప్పని జేబులోంచి తీసిన కథ. పాదయాత్రల కథ ఒకటి. మా ఊరు పాదయాత్రలు ముగిసే ఊరు కదా. 2003లో ఒకటి, 2013లో ఒకటి, 2019లో ఒకటి, మూడూ ఒకే ఇంటివాళ్ళవి, మూడూ మా ఇచ్ఛాపురంలోనే ఆగాయి. మూడుసార్లూ నాన్న జనంలో నిలబడి, అందరూ నాయకుల మొహాలు చూస్తుంటే, తాను మాత్రం వెనక నడిచొచ్చినవాళ్ళ కాళ్ళు చూశారట. "మొహం అబద్ధం ఆడగలదురా, పాదం ఆడలేదు" అని ముగించేవారు. మంచి కథే. పదకొండోసారి కూడా మంచి కథే అనుకోండి.

మేం మాత్రం ఎదురు ఒక్క మాట అనలేదు. ఆ విషయం గర్వంగానే చెప్పగలను. మా సొసైటీలో మామాకోడళ్ళ అరుపులు మెట్లమీదికి వినిపించే ఇళ్ళున్నాయి. మా ఇంట్లో గొంతు లేచింది లేదు. ఆయన ఏదైనా మొదలుపెడితే మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయేది, పాప గది తలుపేసుకునేది, నేను ఫోన్ తీసుకునేవాణ్ణి. అంతే. పెద్దాయన, ఇల్లాలు పోయిన బాధలో ఉన్నారు, వాదించడమెందుకు?

మెల్లిగా ఆయనే సర్దుకున్నారు. ఉగాదినాడు మా ఆవిడకి వేపపువ్వు ఎక్కడా దొరక్క, చేదుకోసం మెంతిపొడి వేసి పచ్చడి చేసింది. జనవరిలో అయితే దాని మీద ఒక పూట ఉపన్యాసం నడిచేది. నాన్న గిన్నె ఖాళీచేసి, "బాగుందమ్మా" అని లేచి చెయ్యి కడుక్కున్నారు. మా ఆవిడ నావైపు చూసి కళ్ళెగరేసింది. "మావయ్యగారు ఎంత మారిపోయారండీ" అంది ఆ రాత్రి.

కింద వాచ్‌మన్‌తో ఆయనకి కాలక్షేపం కూడా దొరికింది. అతనిది గంజాం జిల్లా. సూరత్ మరమగ్గాలు చాలావరకు గంజాం వాళ్ళ చేతుల మీదే నడుస్తాయి కదా, ఇతను మగ్గం మీద నడుం పడిపోయాక గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. మా ఊరి పొలిమేర దాటితే గంజామే. నాన్నకి ఒడియా వచ్చు. సాయంత్రం నాలుగైతే కిందికి దిగి, ఎనిమిదికి గానీ పైకి వచ్చేవారు కాదు. మాకు నిశ్చింత.

మే నెల ఎండల్లో పాప ఒక కుక్కపిల్లని ఎత్తుకొచ్చింది.

తల్లికుక్క చార్ రస్తాలో లారీ కింద పడింది. నాలుగు పిల్లల్లో మూడింటిని ఎవరెవరో పట్టుకుపోగా, మిగిలింది ఇది. అరచేతిలో పట్టేంత. గోధుమరంగు, ఒక చెవి నిలబడీ ఒకటి వాలీ. కుక్క వద్దని నేను గట్టిగానే అన్నాను. గంటలో దానికి పేరు కూడా పెట్టేశారు, లోచో అని. లోచో అంటే సూరత్‌వాళ్ళు పొద్దున్నే తినే శనగపిండి పలహారం. ఖమణ్ చెయ్యబోతే సరిగ్గా కుదరక ముద్దముద్దగా వచ్చిందనీ, దాన్నే నూనె, సేవు చల్లి అమ్మేశారనీ చెబుతారు. ఇక్కడి యాసలో లోచో అయిందంటే పని గల్లంతయిందని అర్థం. పేరుకి తగ్గ కుక్క.

దాని లోకమంతా మా మోకాళ్ళ కింద ఉంది. నడిచే పాదం కనపడితే చాలు, సోఫా కింద నుంచి బాణంలా వచ్చి మడమ పట్టేది. పాలపళ్ళు సూదుల్లాంటివి. పాప సోఫా మీంచి కుర్చీ మీదికి, కుర్చీ మీంచి మంచం మీదికి గెంతుతూ ఇల్లంతా నేల తగలకుండా తిరగడం నేర్చుకుంది. మా ఆవిడ నైటీ అంచులు జల్లెడలయ్యాయి. చివరికి నా ప్లాంటు సేఫ్టీ బూట్లు, ముందు ఇనప టోపీ ఉండేవి, అవి వేసుకుని వంటింట్లో దోసెలు పోసింది. ఆ బూట్ల చప్పుడుకి కింది ఫ్లాటువాళ్ళు వచ్చి, ఇంట్లో ఏమైనా మరమ్మతులు చేయిస్తున్నారా అని అడిగారు.

నాన్న ఒక్కరే కాళ్ళు పైకి తీసుకోలేదు. బాల్కనీ కుర్చీలో పంచె అంచు కిందికి వదిలేసి కూర్చునేవారు. అది పంచె పట్టుకుని గుంజేది. వేళ్ళు కొరికేది. ఆయన పేపరు చుట్టతో కొట్టమనలేదు, బెత్తం మాట ఎత్తలేదు. బడిలో ఆయన బెత్తం ఎలా ఆడేదో నా అరచేతులకు గుర్తే, అందుకే వింతనిపించింది.

పేపరు చుట్ట ప్రయోగం నాదే. కొడితే, అది పేపరు చుట్టనే ఇంకో పాదమనుకుని దాన్నీ కొరికింది. మూతి పట్టుకుని మూస్తే, వదిలిన మరుక్షణం రెండింతలు రెచ్చిపోయింది. మా ఆవిడ నాన్న సీసాలోంచి వేపనూనె తీసి అందరి పాదాలకూ పూసింది. లోచో నాకి, తుమ్మి, మొహం చిట్లించి, పాదం మానేసి పిక్క పట్టింది. ఇల్లు రెండు రోజులు ఆయుర్వేద శాలలా కంపు కొట్టింది.

అంతలో పాప మడమ మీద గాటు పడి రక్తం చిమ్మింది. సబ్బుతో, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరిగెత్తాం. వీధికుక్క పిల్ల, తల్లి సంగతి తెలియదు, పిల్ల ఎంత చిన్నదైనా రేబిస్ విషయంలో చూద్దాంలే అనుకోవడానికి లేదన్నారు. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు సూదులు. నయం, బొడ్డు చుట్టూ పొడిచే కాలం పోయింది. సూదికి పాప ఏడవలేదు, లోచోని వదిలేస్తామేమోనని ఏడ్చింది.

అప్పుడు అడాజణ్ వైపు ఒక పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ లోచో నోరు తెరిచి పళ్ళు లెక్కపెట్టింది. కుక్కపిల్లకి పాలపళ్ళు 28, మూడు నాలుగు నెలలప్పుడు ఊడటం మొదలై, ఆరేడు నెలలకి 42 గట్టిపళ్ళు వస్తాయట. చిగుళ్ళు దురద పెడతాయి, ఏదో ఒకటి నమలాలి. అది సగం కారణం. రెండో సగం ఆవిడ చెప్పాకగానీ నాకు తట్టలేదు. పిల్లలు ఒకదాన్నొకటి కొరుక్కుని ఆడతాయి. ఒకటి గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట ఆపి పక్కకి పోతుంది. ఎంత కొరికితే స్నేహం చెడుతుందో అలా తెలుసుకుంటాయి. తల్లి దగ్గర కనీసం ఎనిమిది వారాలు ఉండనివ్వాలనేది అందుకే. మా లోచోకి ఆ బడి అయిదు వారాలకే మూతపడింది.

"మీరు అరుస్తారు, కాలు లాక్కుంటారు, పరిగెత్తుతారు. దానికి అదంతా ఆటే," అంది డాక్టరమ్మ. "పారిపోయే పాదం కన్నా మంచి ఎర ఏముంటుంది? కొట్టినా అది మీరు తనతో మాట్లాడుతున్నట్టే. కొరకగానే చెట్టులా నిలబడిపోండి. అరవొద్దు, తిట్టొద్దు, పేరు పెట్టి పిలవొద్దు. కళ్ళలోకి అసలు చూడొద్దు. మొహం తిప్పేసుకోండి. అప్పటికీ ఆగకపోతే లేచి ఇంకో గదిలోకి వెళ్ళి తలుపేసుకోండి. అర నిమిషం చాలు. తిరిగొచ్చి ఏమీ జరగనట్టు ఉండండి. కొరకనప్పుడు మెచ్చుకోండి, నమలడానికి బొమ్మ ఇవ్వండి, తడిగుడ్డ ముడేసి ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఇవ్వండి."

"ఇంత చిన్న శిక్షకి లొంగుతుందా?"

ఆవిడ నవ్వింది. "చిన్నదా? దానికి మీరు తప్ప ఎవరున్నారు? మీరు మొహం తిప్పుకోవడం కన్నా పెద్ద శిక్ష దానికి లేదు." గుమ్మం దాకా వచ్చి ఇంకో మాట చెప్పింది. "ఇంట్లో అందరూ ఒకేలా ఉండాలి. నలుగురు మొహం తిప్పుకుని ఒక్కరు నవ్వితే, ఆ ఒక్కరి కోసం అది కొరుకుతూనే ఉంటుంది."

ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించాను. పాప దాని మీద చెట్టు బొమ్మ వేసింది. మేం ముగ్గురం చెట్లమైపోయాం. నేను ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో అర నిమిషం కొయ్యబొమ్మలా నిలబడితే లిఫ్టులోంచి దిగినవాళ్ళు నాకేదో మొక్కు ఉందనుకున్నారు. వారం గడిచింది. లోచో కాస్త తగ్గినట్టే తగ్గి, మర్నాటికి మళ్ళీ మొదటికొచ్చేది. రోజంతా కూడబెట్టింది ఎక్కడో చిల్లుపడి కారిపోతోంది.

ఆ చిల్లు తెల్లవారుజామున నాలుగింటికి దొరికింది. మంచినీళ్ళకి లేచాను. బాల్కనీలో చిన్న దీపం. నాన్న కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. లోచో ఆయన బొటనవేలు నోట్లో పెట్టుకుని నమలుతోంది. ఆయన తల వంచి, గొంతు తగ్గించి చెబుతున్నారు.

"... అప్పుడేటయింది? ఇన్‌స్పెక్టరు దొర, ఏదీ నీ పలక చూపించరా అన్నాడు. గుంటడు జేబులో చెయ్యి పెట్టేడు..."

లోచో తల ఎత్తి చూసింది. కప్ప ఎప్పుడు దూకుతుందా అన్నట్టు. ఆయన ఆగి, సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, "కప్ప!" అన్నారు. అది ఎగిరి పంచె పట్టింది. నాన్న నవ్వారు. ఆ నవ్వు విని చాలా రోజులైందని అప్పుడు నాకు తోచలేదు. నాకు తోచింది ఒక్కటే, ఈయన వల్లే అన్నమాట.

"నాన్నా."

ఆయన తుళ్ళిపడి కాళ్ళు వెనక్కి తీసుకున్నారు. "దీనికి కొత్తరా. ఈ కథ వినలేదు కదా" అన్నారు, కొంచెం సిగ్గుపడుతూ.

నేను కోప్పడలేదు. నెమ్మదిగానే చెప్పాను. మీరిలా పలకరిస్తే అది మానదు నాన్నా, అది కొరికినప్పుడు చూడకూడదు, మాట్లాడకూడదు, లేచి వెళ్ళిపోవాలి, మనం నలుగురం ఒకేలా ఉంటేనే దానికి తెలుస్తుంది, దాని మంచికే కదా అని, డాక్టరమ్మ చెప్పిందంతా అప్పజెప్పాను. ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థిలా విన్నారు.

"తెలుసురా" అన్నారు చివరికి. "తెలుసు. నలుగురూ ఒకేలాగుండాలి."

మర్నాటి నుంచి ఆయనా చెట్టయ్యారు. మా అందరికన్నా మంచి చెట్టు. లోచో పంచె పట్టుకోగానే లేచి, వెనక్కి చూడకుండా తన గదిలోకి వెళ్ళి తలుపు చేరేసేవారు. అది తలుపు ముందు కూర్చుని కాసేపు కుయ్యి కుయ్యిమనేది. తర్వాత ఆ కుయ్యి కూడా మానేసింది. జూన్‌లో తొలి వాన పడేనాటికి పని పూర్తయింది. పాదం కనిపిస్తే ఆగేది, వాసన చూసేది, పక్కకి వెళ్ళి తన ముడిగుడ్డ నోట కరుచుకుని పడుకునేది. నా బూట్లు నాకు తిరిగొచ్చాయి.

ఆ ఆదివారం సాయంత్రం ఎదురింటి భాయ్ వచ్చాడు. వజ్రాలకు సాన పట్టే పని ఆయనది, రత్నకళాకార్ అంటారిక్కడ. వాళ్ళబ్బాయి పోరు పడలేక లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నారట, ఇంట్లో ఎవరి కాళ్ళకీ చర్మం మిగల్లేదట. మా లోచోని చూసి ముక్కున వేలేసుకున్నాడు. అది నాన్న కాళ్ళ దాకా వెళ్ళి, వాసన చూసి, తోక ఊపబోయి మానుకుని, దూరంగా వెళ్ళి కూర్చుంది.

"కొట్టారా?" అని అడిగాడు.

"దెబ్బ వెయ్యలేదు, ఒక్క మాట అనలేదు" అన్నాను. మా ఆవిడ చాయ్ అందిస్తూ మధ్యలో సాయం చేసింది. అది మొదలుపెట్టగానే మనం దాని మొహం చూడకూడదు భాయ్. జవాబు చెప్పకూడదు. లేచి ఇంకో గదిలోకి వెళ్ళిపోవాలి. ఇంట్లో అందరూ అంతే చెయ్యాలి. ఎంత గోల చేసినా ఎవరూ పట్టించుకోరని దానికి తెలిసిపోయాక, అదే మానేసి ఓ మూల కూర్చుంటుంది. ఏమీ బాధ ఉండదు.

"ఎన్నాళ్ళు పట్టింది?"

"మూడు వారాలు" అన్నాను. చేతిలో పతకం ఉన్నట్టే చెప్పాను.

బాల్కనీ గుమ్మంలో కుర్చీ కదిలింది. నాన్న లోచో వైపే చూస్తున్నారు.

"తెలివైనదేరా" అన్నారు తెలుగులో. "నాకు ఉగాది దాకా పట్టింది."

తాతగారు ఏమన్నారని భాయ్ నన్నడిగాడు.

మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఫోన్ తీశాను.